కొత్త టెరిటరీలో కుదురుకుంటూ సొంత పని నడపడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పరిశ్రమలకు పంపులు అమ్మే కంపెనీలో సేల్స్ ఉద్యోగం. ఏళ్ల తరబడి చూసుకున్న టెరిటరీ (అమ్మకాల కోసం ఒకరికి అప్పగించే ఏరియా) నుంచి నెలన్నర కిందట మిమ్మల్ని ఇంకో టెరిటరీకి మార్చారు. అక్కడ మీకు ముందు పనిచేసినాయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. హ్యాండోవర్ సరిగా జరగలేదు, కొందరు కస్టమర్లు కోపంగా ఉన్నారు, టార్గెట్ మాత్రం తగ్గలేదు. ఇంకోపక్క స్నేహితుడితో కలిసి, చిన్న వర్క్‌షాపులు స్టాక్ లెక్కలు చూసుకోవడానికి పనికొచ్చే యాప్ ఒకటి నడుపుతున్నారు. డబ్బు కట్టి వాడేవాళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. యాప్‌ని కొన్నాళ్లు ఆపేయాలా? కొత్త టెరిటరీలో కలిసే వర్క్‌షాపుల వాళ్లకు యాప్ చూపించవచ్చా? కొత్త మేనేజర్‌కి ఈ సంగతి చెప్పాలా? ముఖ్యంగా ఈ మూడూ అడిగారు.

సేల్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. నా టెరిటరీ మారినప్పుడు సర్దుకోవడమూ తెలుసు, తర్వాత మేనేజర్‌గా ఇతరుల టెరిటరీలు మార్చడమూ తెలుసు. ఉద్యోగంతో పాటు ఒక చిన్న వ్యాపారాన్ని కూడా నిలబెట్టుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు సూటిగా జవాబులు: యాప్ ఆపొద్దు, కానీ బాగా కుదించండి. మీ టెరిటరీ కస్టమర్లకు చూపించొద్దు. మేనేజర్‌కి చెప్పండి, అదీ రాతలో. ఎందుకో కింద చెబుతాను.

పాత టెరిటరీలో మీ పని సగం అలవాటు మీద నడిచేది. ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలి, ఎవరు బేరం ఆడతారు, ఎవరు ఊరికే కొటేషన్ అడుగుతారు, ఎవరి చెక్కు ఆలస్యమైనా చివరికి వస్తుంది... ఇవన్నీ ఆలోచించకుండానే తెలిసిపోయేవి. అందుకే సాయంత్రానికి మీ బుర్రలో యాప్ కోసం కొంత ఓపిక మిగిలేది. ఇప్పుడు అదే ఎనిమిది గంటల పనిలో ప్రతి చిన్న విషయమూ కొత్తగా ఆలోచించాల్సి వస్తోంది. గేటు దగ్గర ఎవరిని అడగాలో కూడా తెలియదు. గంటలు మారలేదు కాబట్టి యాప్ పని కూడా మునుపటిలాగే చేయగలను అనుకుంటారు చాలామంది. దెబ్బ తగిలేది అక్కడే. మిగలాల్సింది సమయం ఒక్కటే కాదు, ఆలోచించే శక్తి కూడా. అది ఈ కొన్ని నెలలు తక్కువగా ఉంటుంది. కాబట్టి మీ మొదటి పని టెరిటరీని మళ్లీ అలవాటు మీద నడిచే స్థితికి తీసుకురావడం. ఎంత త్వరగా అది జరిగితే యాప్‌కి అంత త్వరగా మీరు దొరుకుతారు. రెండింటికీ చెరి సగం మనసు పెడితే రెండూ సాగతీతగా మారతాయి.

ఇక టెరిటరీ. ఆఫీసులో కూర్చుని గత రెండేళ్ల కాగితాలు బయటికి తీయండి. ఆర్డర్లు, రావాల్సిన బాకీలు, వారంటీ క్లెయిములు, జవాబు రాని కొటేషన్లు, ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్లు (కస్టమర్ ఖాతాలో తిరిగి జమ చేయాల్సిన మొత్తాలకు ఇచ్చే కాగితాలు). సేల్స్ వాళ్లు మామూలుగా ఆర్డర్ల లిస్టు ఒక్కటే చూస్తారు. మిగతా నాలుగే అసలు కథ చెబుతాయి. ఒక కస్టమర్ ఏడాది కిందటిదాకా క్రమంగా కొని, ఒక వారంటీ క్లెయిమ్ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతే, కారణం వెతకడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అకౌంట్స్ వాళ్లనీ, సర్వీస్ ఇంజినీర్లనీ విడిగా కూర్చోబెట్టి అడగండి. మీకు ముందున్నాయన వెళ్లిపోయారు గానీ, వాళ్లు అక్కడే ఉన్నారు. ఎవరు ఫోన్ చేసి తిట్టారో వాళ్లకి బాగా గుర్తుంటుంది.

అమ్మకాల లెక్క తీస్తే కొద్దిమంది కస్టమర్ల నుంచే ఎక్కువ వ్యాపారం వస్తున్నట్టు కనబడుతుంది. ఇటలీలో సంపద కొద్దిమంది చేతుల్లోనే ఉందని విల్ఫ్రెడో పరేటో గమనించారు. తర్వాత క్వాలిటీ రంగంలో పనిచేసిన జోసెఫ్ జూరన్ ఆ పోలికను పరిశ్రమలకు అన్వయించి పరేటో పేరు పెట్టారు. మనందరం చెప్పుకునే 80-20 లెక్క, అంటే 80 శాతం ఫలితం 20 శాతం నుంచే వస్తుందన్నది, అలా వచ్చింది. పనికొచ్చే లెక్కే. అయితే కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవాలి. పాత అమ్మకాల లిస్టు చూపించేది మీ ముందాయన ఎక్కడెక్కడికి వెళ్లారో. ఏరియాలో ఎంత వ్యాపారం ఉందో అది చెప్పదు. ఆయనకు దగ్గరి దారిలో ఉన్న ఫ్యాక్టరీలు పెద్ద కస్టమర్లుగా కనబడవచ్చు. దూరంగా ఉన్న పెద్ద ప్లాంటు పేరు లిస్టులోనే ఉండకపోవచ్చు. అందుకని అమ్మిన విలువతో పాటు ఇంకో లెక్క మీరే తయారు చేసుకోండి: ఏ ప్లాంటులో ఎన్ని పంపులు నడుస్తున్నాయి, అవి ఏ కంపెనీవి, ఎన్నేళ్లవి, సీల్, బేరింగ్ చివరిసారి ఎప్పుడు మార్చారు. కొన్ని వారాలు వెళ్లినచోటల్లా ఇది అడిగి రాసుకుంటే, మీ ముందాయన దగ్గర కూడా లేని మ్యాప్ మీ చేతికొస్తుంది.

ముందు ఎవరిని కలవాలి? పెద్ద కస్టమర్లను కలవమని ఎక్కువమంది సలహా ఇస్తారు. నేను మాత్రం కోపంగా ఉన్నవాళ్లను ముందు కలవమంటాను. పెద్ద కస్టమర్ మీరు రెండు వారాలు ఆలస్యంగా వెళ్లినా కొంటూనే ఉంటాడు. కోపంగా ఉన్నవాడి దగ్గర ప్రతి వారమూ వేరే కంపెనీ సేల్స్‌మన్ కూర్చుని ఉంటాడు. పైగా ఒకే రకం వ్యాపారం చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఒకరి సమస్య తీర్చారన్న మాట మీకన్నా ముందే పక్క ప్లాంటుకు చేరుతుంది.

ఆ మొదటి కలయికలో క్యాటలాగ్ తీయొద్దు. "మా కంపెనీ నుంచి మీకు రావాల్సింది, మేం ఒప్పుకుని చేయనిది ఏమైనా ఉందా?" అని అడగండి. అడిగి ఊరుకోండి. వాళ్లు చెప్పిందంతా వాళ్ల ఎదుటే రాసుకోండి. మీ ముందాయన నోటిమాటగా ఇచ్చిన హామీలు కొన్ని బయటికొస్తాయి. ఉచితంగా ఒక స్పేర్ ఇస్తానన్నారనో, రేటు తగ్గిస్తానన్నారనో అంటారు. అక్కడికక్కడే ఒప్పుకోవద్దు, కాదనొద్దు. ఫలానా తేదీకల్లా జవాబు చెబుతానని చెప్పండి. ఆ తేదీకి ఫోన్ చేయండి, జవాబు "కుదరదు" అయినా సరే. చెప్పిన రోజున ఫోన్ వచ్చింది అన్న ఒక్క సంగతే చాలామందిలో సగం కోపాన్ని తగ్గిస్తుంది. ముందున్నాయన్ని గురించి ఒక్క చెడ్డ మాట కూడా అనొద్దు. కస్టమరే తిడుతున్నా తల ఊపొద్దు. ఆయన తప్పు చేసినా కంపెనీ తరఫునే చేశారు, ఇప్పుడు ఆ కంపెనీ అంటే కస్టమర్‌కి మీరే.

పర్చేజ్ మేనేజర్ దగ్గరే ఆగిపోకండి. పంపు దగ్గర నిలబడే మనిషి వేరే ఉంటాడు. మెయింటెనెన్స్ సూపర్‌వైజర్, షిఫ్ట్ ఫిట్టర్, స్టోర్ చూసేవాడు. ఏ పంపు సీల్ పదేపదే కారుతోందో వాళ్లకు తెలుసు. అనుమతి తీసుకుని ఒకసారి పంపుల గదికి వెళ్లండి. కంకర రాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వస్తుంటే క్యావిటేషన్ ఉండే అవకాశం ఎక్కువ. సక్షన్ వైపు, అంటే పంపు నీటిని లాక్కునే వైపు, ప్రెషర్ చాలక నీటిలో ఆవిరి బుడగలు పుట్టి, ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) మీద పగిలి, లోహాన్ని తినేస్తుంటాయి. అలాంటి చోట కొత్త పంపు అమ్మినా మళ్లీ అదే గొడవ. సక్షన్ లైన్ చూడమని చెప్పి వచ్చారంటే ఆ ఫిట్టర్ మిమ్మల్ని మర్చిపోడు. ఇంకోటి, వాల్వ్ సగం మూసి నడిపిస్తున్న సెంట్రిఫ్యూగల్ పంపు కనబడితే ఆగి మాట్లాడండి. ఆ రకం పంపుల్లో ఖర్చయ్యే పవర్ వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. పైపుల రాపిడే ప్రధానంగా ఉండే లైన్లలో వాల్వ్ మూసే బదులు వేగం 20 శాతం తగ్గిస్తే పంపు తీసుకునే పవర్ దాదాపు సగానికి వస్తుంది. నీటిని ఎత్తుకు ఎక్కించడమే ముఖ్యమైన చోట ఈ లెక్క అంతగా పనిచేయదు, అది కూడా చెప్పండి. కొత్త మనిషిని జనం నమ్మేది ఇలాంటి చోటే. మీకు ఇవన్నీ తెలిసే ఉంటాయి. కొత్త టెరిటరీలో టార్గెట్ టెన్షన్‌తో మనకు తెలిసింది కూడా వాడటం మానేస్తాం, అందుకే గుర్తుచేస్తున్నాను.

తిరగడం గురించి. ఇంటి నుంచి బయల్దేరి 5 చోట్లకు వెళ్లి తిరిగి రావడానికి, అదే దారిని వెనక నుంచి తిరగడాన్ని వేరుగా లెక్కపెట్టకపోయినా, 60 రకాల దారులుంటాయి. 10 చోట్లయితే 18,14,400. గణితంలో దీనికి సేల్స్‌మన్ పేరు మీదే ఒక ప్రసిద్ధ సమస్య ఉంది. కాబట్టి రోజూ పొద్దున్నే కూర్చుని ఎక్కడికి వెళ్లాలా అని ఆలోచించడం మానేయండి. టెరిటరీని నాలుగైదు ముక్కలుగా విడగొట్టి, ఏ వారం ఏ రోజు ఏ ముక్కో బీట్ ప్లాన్ వేసుకోండి. ఒక రోజు ఖాళీగా ఉంచండి, అత్యవసరాలకూ, ఆఫీసు పనికీ. కస్టమర్లకు కూడా చెప్పండి: "నేను ఈ వైపు ఫలానా రోజున వస్తాను" అని. మొదట్లో ఎవరూ పట్టించుకోరు. రెండు మూడు సార్లు అదే రోజున కనబడితే, చిన్న విషయాలకు ఫోన్ చేయడం తగ్గించి మీరు వచ్చేదాకా ఆగుతారు. మీ సాయంత్రాలు మీకు తిరిగి వచ్చేది ఇక్కడే. యాప్ పని చేసుకోగలిగే సమయాన్ని ఇచ్చేది బీట్ ప్లానే.

టెరిటరీ అనే పద్ధతిని పెద్ద ఎత్తున అమలుచేసినవాళ్లలో జాన్ హెన్రీ ప్యాటర్సన్ ఒకరు. 1884లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ పెట్టి, ప్రతి ఏజెంటుకూ ఒక ఏరియా పూర్తిగా అప్పగించి, కోటా నిర్ణయించారు. ఒక ఏరియాకు ఒకే మనిషి జవాబుదారీ అన్నది ఆ పద్ధతికి మూలం. ఆ సంగతి కింద మీ రెండో ప్రశ్న దగ్గర పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

టార్గెట్ గురించి మేనేజర్‌తో ఇప్పుడే మాట్లాడాలి, క్వార్టర్ చివర్లో కాదు. మీ ఉత్పత్తికి ఎంక్వైరీ వచ్చిన రోజు నుంచి ఆర్డర్ చేతికొచ్చేదాకా సగటున నాలుగు నెలలు పడుతుందనుకుందాం. అలాంటప్పుడు మీ మొదటి నాలుగు నెలల ఆర్డర్లలో ఎక్కువ భాగం మీ ముందాయన వేసిన విత్తనాలే. ఆయన చివరి నెలల్లో మనసు పెట్టి పనిచేయకపోతే ఆ లోటు మీ ఖాతాలో కనబడుతుంది. దీన్ని సాకులా కాకుండా లెక్కగా చూపించండి. చేతికి అందిన కొటేషన్లు ఎన్ని, వాటిలో బతికున్నవి ఎన్ని, నేను వచ్చాక కొత్తగా వచ్చిన ఎంక్వైరీలు ఎన్ని, తీర్చిన ఫిర్యాదులు ఎన్ని, వసూలైన పాత బాకీ ఎంత. ప్రతి నెలా ఒక పేజీ. మేనేజర్‌గా కూర్చున్నప్పుడు నేను చూసింది ఏంటంటే, ఆర్డర్లు తక్కువున్నా ఈ పేజీ తెచ్చేవాళ్ల మీద ఒత్తిడి తక్కువ పడుతుంది. వాళ్ల గురించి పైవాళ్లకు చెప్పుకోవడానికి మేనేజర్ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు యాప్. కుదించడం అంటే ఏంటి? డబ్బు కట్టినవాళ్లకు ఇచ్చిన మాట తప్పకూడదు. వాళ్ల ప్రశ్నలకు జవాబులు, బిల్లింగ్, డేటా బ్యాకప్, ఏదైనా పాడైతే సరిచేయడం, ఈ నాలుగూ ఆగకూడదు. కొత్త ఫీచర్లు, ప్రకటనలు, కొత్త డెమోలు ఆపేయండి. పూర్తిగా మూసేస్తే నష్టం ఏంటంటే, ఇప్పుడిప్పుడే వస్తున్న ఆ కొద్దిమంది వెళ్లిపోతారు. వాళ్ల నుంచి మీరు నేర్చుకుంటున్నది డబ్బుకన్నా విలువైంది. ఎక్కడ తికమకపడుతున్నారు, ఏది రోజూ వాడుతున్నారు, ఏది ముట్టుకోవడం లేదు. ఈ కొన్ని నెలలు అది గమనించి రాసుకుంటే చాలు. మళ్లీ వేగం పెంచినప్పుడు ఏం తయారు చేయాలో స్పష్టంగా ఉంటుంది.

స్నేహితుడితో ఈ వారమే కూర్చోండి. "నాకు కొంచెం బిజీ" అని నాన్చితే ఆయనకు మీరు తప్పుకుంటున్నారేమో అనిపిస్తుంది. ఎన్ని నెలలు, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఏ పనులు మీవి, ఏవి ఆయనవి, ఈ కాలంలో ఆయన ఎక్కువ చేసినదానికి వాటాలోనో డబ్బులోనో ఎలా లెక్క కడతారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. స్నేహంలో కాగితం ఎందుకనిపిస్తుంది. స్నేహం మిగలాలంటేనే కాగితం కావాలి. పనిభారం ఒకవైపుకి ఒరిగిన నెలల్లోనే భాగస్వాములు విడిపోతుంటారు.

పని చేసే సమయం సంగతి. రోజూ రాత్రి కాస్త కాస్త చేయడం కన్నా వారంలో రెండు సాయంత్రాలు, సెలవు రోజున ఒక పూట గట్టిగా పెట్టుకోవడం మేలు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక విషయం చూపించారు: ఒక పని పూర్తి కాకుండానే ఇంకో పనిలోకి వెళ్తే, మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుంది, రెండో పని నాణ్యత పడిపోతుంది. మీరు కస్టమర్ ఎదుట కూర్చుని మధ్యలో యాప్ నోటిఫికేషన్ చూస్తే జరిగేది ఇదే. ఆయన చెబుతున్న మూడో వాక్యం మీ చెవిన పడదు. కొత్త చోట ఆ మూడో వాక్యమే మీకు కావాల్సింది. థెరీసా గ్లాంబ్‌తో కలిసి లెరాయ్ 2018లో చేసిన ఇంకో అధ్యయనంలో దీనికి ఒక మార్గం కూడా చెప్పారు. పని వదిలే ముందు ఎక్కడ ఆపామో, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలో క్లుప్తంగా రాసుకుంటే తర్వాతి పని మీద మనసు బాగా నిలుస్తుంది. కస్టమర్ దగ్గర నుంచి బయటికి రాగానే, బండి తీయకముందే, నాలుగు ముక్కలు రాసుకోండి. యాప్ పని ఆపేటప్పుడూ అంతే. యాప్ నోటిఫికేషన్లు పగలంతా ఆపేయండి. వాడేవాళ్లకు "రాత్రి ఏడు తర్వాత జవాబిస్తాం" అని ముందే చెప్పండి. వేళ తెలిస్తే జనం ఆగుతారు.

నిద్ర తగ్గించి ఈ రెండూ నడుపుదామనుకుంటే మాత్రం నా మాట వినండి. 2003లో వాన్ డాంగెన్, డింజెస్ మొదలైనవాళ్లు చేసిన ప్రయోగంలో, వరసగా 14 రోజులు రాత్రికి ఆరు గంటలో అంతకన్నా తక్కువో పడుకున్నవాళ్ల పనితనం రెండు రాత్రుల వరకు అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. అంతకన్నా భయపెట్టే విషయం, తాము అంత దిగజారామని వాళ్లకు పెద్దగా తెలియలేదు. 1997లో డాసన్, రీడ్ చూపించింది ఇంకోటి: 17 గంటలు వరసగా మెలకువగా ఉన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానం. పొద్దున ఐదుకు లేచి, పగలంతా తిరిగి, రాత్రి పది దాటాక ఇంటికి బండి నడుపుతున్నారంటే మీరు ఆ స్థితిలో ఉన్నట్టే. మన ఉద్యోగంలో మనం రోడ్డు మీద ఉంటాం. దారులు కూడా కొత్తవి. యాప్ ఒక నెల ఆలస్యమైతే ఏమీ కాదు.

రెండో ప్రశ్న గురించి నాకు చాలా గట్టి అభిప్రాయం ఉంది. మీ టెరిటరీలో మీరు పంపులు అమ్మే ఒక్క వర్క్‌షాపుకి కూడా యాప్ అమ్మొద్దు. ఉచితంగా కూడా ఇవ్వొద్దు. వాళ్లకు అది నిజంగా పనికొస్తుందని మీకు తెలిసినా సరే. ఆ కోరిక ఎంత బలంగా ఉంటుందో నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషి స్టాక్ పుస్తకంలో తంటాలు పడుతుంటే, మీ ఫోన్లోనే దానికి జవాబు ఉంటుంది.

వద్దనడానికి మొదటి కారణం, ఆ వర్క్‌షాపు యజమాని మీకు స్వేచ్ఛగా వద్దని చెప్పలేడు. ఆయన వారంటీ క్లెయిమ్ మీ చేతిలో ఉంది, డెలివరీ తేదీ మీ చేతిలో ఉంది. మొహమాటానికి యాప్ తీసుకుంటాడు, వాడడు. తనకు ఇష్టమై కొన్నాడని మీరు అనుకుంటారు. అలా మొహమాటంతో వచ్చిన పదిమంది మీ యాప్ బాగుందో లేదో తెలియకుండా చేస్తారు. ఇంకోవైపు నుంచి చూసినా ఇబ్బందే. యాప్‌లో లెక్క తప్పితే పంపు ఆర్డర్ పోతుంది. అప్పుడు మీరు మేనేజర్‌కి ఏం చెబుతారు?

రెండోది డేటా. మీ యాప్ స్టాక్ లెక్కలు చూస్తుంది. అంటే ఏ వర్క్‌షాపు ఏ కంపెనీ స్పేర్లు ఎన్ని, ఏ ధరకు కొంటోందో మీ సర్వర్లో ఉంటుంది. మీరు ఆ సమాచారం ఒక్కసారి కూడా తెరిచి చూడకపోవచ్చు. కానీ తమ పంపుల సేల్స్‌మన్ చేతిలో తమ కొనుగోళ్ల చిట్టా ఉందని తెలిసిన రోజున ఏ యజమానైనా రెండింటినీ పక్కన పెడతాడు. మీ కంపెనీ పోటీదారుల నుంచి కూడా ఆరోపణలు రావచ్చు. చూడలేదని మీరు ఎలా రుజువు చేస్తారు? అవకాశమే లేకుండా చేసుకోవడం ఒక్కటే దారి.

మూడోది, పైన చెప్పిన ప్యాటర్సన్ పద్ధతి. కంపెనీ ఒక ఏరియాలో తన ముఖంగా మిమ్మల్ని పెట్టింది. ఆ పరిచయాలు, సీఆర్ఎమ్‌లో (కస్టమర్ల వివరాలు ఉంచే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో) ఉన్న పేర్లు, నంబర్లు కంపెనీవి. వాటిని ఇంకో వ్యాపారానికి వాడటం నమ్మకద్రోహం కిందికి వస్తుంది, చాలా చోట్ల చట్టపరంగానూ చిక్కే. కస్టమరే ఎక్కడో చూసి తనంతట తాను యాప్ కోసం వస్తే? అప్పుడు కూడా మీరు మాట్లాడొద్దు. స్నేహితుడే చూసుకోవాలి, ఆ ఖాతా డేటా మీకు కనబడకుండా ఉండాలి, సంగతి మేనేజర్‌కి ముందే తెలియాలి. యాప్‌కి కస్టమర్లు కావాలంటే మీ టెరిటరీకి బయట ఎన్నో వర్క్‌షాపులున్నాయి. ఇంకా మంచిది, పంపులతో సంబంధం లేని పనులు చేసే వర్క్‌షాపులను ఎంచుకోండి.

మూడో ప్రశ్నకు వెళ్లేముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్, దానితో పాటు సంతకం పెట్టిన మిగతా కాగితాలు బయటికి తీసి చదవండి. మూడు క్లాజులు వెతకండి. ఇంకో పని చేయకూడదని ఉందా, లేక అనుమతితో చేయవచ్చని ఉందా. ఉద్యోగకాలంలో మీరు తయారు చేసినవి ఎవరివని రాశారు. రహస్య సమాచారం అంటే ఏమేం వస్తాయి. రెండోది మామూలు విషయం అనుకోకండి. బొమ్మల కంపెనీ మాటెల్‌లో పనిచేసిన కార్టర్ బ్రయంట్ అనే డిజైనర్ ఆలోచన నుంచి వచ్చిన బ్రాట్జ్ బొమ్మలను ఎంజీఏ అనే ఇంకో కంపెనీ 2001లో మార్కెట్లోకి తెచ్చింది. 2004లో మాటెల్ కేసు వేసింది. 2008లో ఒక జ్యూరీ మాటెల్ పక్షాన తీర్పిచ్చింది, 2010లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది, 2011లో రెండో జ్యూరీ ఎంజీఏ వైపు మొగ్గింది. ఇంత పోరాటంలో ఒక ముఖ్యమైన వాదన ఏంటంటే, ఒప్పందంలో "ఉద్యోగకాలంలో ఎప్పుడైనా" అన్న మాటలోకి రాత్రులు, సెలవు రోజులు కూడా వస్తాయా అన్నది. ఒక్క మాట కోసం అన్నేళ్లు. దీనికి భిన్నంగా, స్టీవ్ వోజ్నియాక్ హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేస్తూ ఆపిల్ మొదటి కంప్యూటర్‌ను రూపొందించినప్పుడు, ముందు దాన్ని తన కంపెనీకే చూపించారు. వాళ్లు వద్దన్నాకే 1976లో ఆపిల్ కింద అమ్మకానికి పెట్టారు. మీరు నడవాల్సిన దారి ఇదే. క్లాజ్ మాటలు స్పష్టంగా లేకపోతే ఉద్యోగ ఒప్పందాలు చూసే లాయర్‌కి ఒకసారి ఫీజు కట్టి చూపించుకోండి. మీరు ఉండే చోట చట్టం ఏం చెబుతుందో వాళ్లే సరిగా చెప్పగలరు.

ఈలోగా కంపెనీ ల్యాప్‌టాప్, కంపెనీ ఫోన్, కంపెనీ ఈమెయిల్‌లో యాప్‌కి సంబంధించింది ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే ఇవాళే వేరు చేయండి. టూర్ మీద హోటల్ గదిలో ఉన్నప్పుడు కూడా సొంత ల్యాప్‌టాపే వాడండి. టూర్ ఖర్చు కంపెనీది కాబట్టి, బీట్ మధ్యలో యాప్ పని మీద ఎవరినైనా కలవడం అసలు వద్దు.

మీ పాత మేనేజర్‌కి యాప్ సంగతి తెలుసని, "చేసుకోవయ్యా" అన్నారని రాశారు. ఆ మాట ఆయనతోనే ఆగిపోయింది. నోటిమాట అనుమతి టెరిటరీతో పాటు బదిలీ కాదు. కొత్త మేనేజర్‌కి మొదటి నెల రిపోర్టు ఇచ్చారు కాబట్టి ఇది మంచి సమయమే. మీ పని తీరు ఆయన కొంత చూశారు, బయటి నుంచి ఇంకా ఏమీ వినలేదు. ఎదురుగా కూర్చుని చెప్పండి, అదే రోజు ఈమెయిల్‌లో పెట్టండి. ఇలా రాయవచ్చు: "ఉద్యోగ సమయం బయట, సొంత పరికరాలతో, స్నేహితుడితో కలిసి స్టాక్ లెక్కల యాప్ నడుపుతున్నాను. మన ఉత్పత్తులకు అది పోటీ కాదు. నా టెరిటరీ కస్టమర్లకు అమ్మను, వాళ్ల సమాచారం వాడను. నా లెటర్‌లోని ఫలానా క్లాజ్ ప్రకారం అనుమతి కోరుతున్నాను." ఇంతకన్నా పెద్దగా వద్దు. యాప్ ఎంత గొప్పదో, ఎంత ఆదాయం వస్తోందో ఆయనకు అక్కర్లేదు. ఆయన మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: టార్గెట్ దెబ్బతింటుందా అని. దానికి మీ నెలవారీ పేజీ జవాబు చెబుతుంది.

డబ్బు గురించి ఒక మాట. టెరిటరీ మారిన ఏడాదిలో ఇన్సెంటివ్ తగ్గడం మామూలే. పాత ఇన్సెంటివ్ లెక్కతో యాప్ కోసం ఒప్పుకున్న నెలవారీ ఖర్చులు, అంటే సర్వర్, ఫ్రీలాన్సర్ వగైరా, అన్నీ మీ స్థిర జీతం మీద నిలబడతాయా లేదా చూసుకోండి. నిలబడనివి తీసేయండి. ఉద్యోగం మానేసి యాప్ మీదే కూర్చుంటే ఈ తలనొప్పి ఉండదు కదా అని చివర్లో అడిగారు. తొందరపడొద్దు. రాఫీ, ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో అమెరికా డేటాతో చేసిన అధ్యయనంలో, ఉద్యోగం చేస్తూ వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి మారినవాళ్ల వ్యాపారం మూతపడే అవకాశం, నేరుగా ఉద్యోగం వదిలి దిగినవాళ్లతో పోలిస్తే మూడో వంతు తక్కువని తేలింది. మన వృత్తి నుంచే ఒక ఉదాహరణ ఉంది. సారా బ్లేక్లీ ఏళ్ల తరబడి ఇంటింటికీ, ఆఫీసు ఆఫీసుకీ తిరిగి ఫ్యాక్స్ మెషీన్లు అమ్మారు. ఆ ఉద్యోగం చేస్తూనే, దాచుకున్న 5,000 డాలర్లతో, స్పాంక్స్ అనే లోదుస్తుల ఉత్పత్తిని తయారు చేసుకున్నారు. 2000లో అది మార్కెట్లోకి వచ్చేదాకా ఉద్యోగం వదల్లేదు.

యాప్ వేగం ఎప్పుడు పెంచవచ్చంటే, క్యాలెండర్ చూసి నిర్ణయించకండి. బీట్ ప్లాన్ మొత్తం ఒక రౌండ్ మార్పులు లేకుండా నడిచిందా, ముందున్నాయన హయాం నాటి ఫిర్యాదులన్నిటికీ అవుననో కాదనో జవాబు వెళ్లిందా, మీరు వచ్చాక పుట్టిన ఎంక్వైరీల్లో కొన్నైనా ఆర్డర్లుగా మారాయా, ఈ మూడూ చూడండి. మూడింటికీ అవును అని వస్తే ఒక కొత్త ఫీచర్ మొదలుపెట్టండి, ఒక్కటే.

మేనేజర్ అనుమతి ఇవ్వకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. కారణం అడగండి. ఒకే రకం కస్టమర్లు అన్నదే అభ్యంతరమైతే, పంపులు వాడని వ్యాపారాలకు మాత్రమే అమ్ముతామని రాసిస్తామనండి, చాలాసార్లు అక్కడ ఒప్పుకుంటారు. అసలు ఏ పనీ చేయకూడదంటే రెండే దారులు. యాప్ నడపడం పూర్తిగా స్నేహితుడికి అప్పగించి, మీరు వాటా మాత్రమే ఉంచుకోవడం, అదీ ఒప్పందం అనుమతిస్తేనే. లేదా ఇంకో ఉద్యోగం చూసుకుని, చేరేముందే ఈ సంగతి లెటర్‌లో రాయించుకోవడం. చెప్పకుండా నడపడం అన్న మూడో దారిని లెక్కలోకి తీసుకోకండి. మీరు రోజూ వందమందిని కలిసే ఉద్యోగంలో ఉన్నారు, ఇలాంటిది దాగదు.